టైరు సంరక్షణార్థం

కౌపీనాన్ని ఎలకలు కొరుకుతున్నాయని పిల్లిని, పిల్లికి పాల కోసం ఆవును, ఆవు ఆలనాపాలనా చూడ్డానికి ఇల్లాలిని తెచ్చుకున్న సన్యాసి కథ తెలియని తెలుగువాడు ఉండడు. పాపం, ఆయన కాలానికి మారుతి జిప్సీ లేదు. ఉండుంటే నాలుగు పెద్ద టైర్లు కొని, ఆవు దాకా వెళ్లకుండానే దివాలా తీసి ఉండేవాడు.

జిప్సీ మన దేశంలోకి 1985లో వచ్చింది. సుజుకి వాళ్ల ఎస్‌జె జీపుకు ఇక్కడ పెట్టిన పేరది. మొదట్లో 970 సీసీ ఇంజను, తర్వాత కింగ్ అనే మోడల్లో 1300 సీసీ. బండి మొత్తం బరువు టన్నుకు అటూ ఇటూ. ముందొకటి వెనకొకటి ఇనప యాక్సిళ్లు, నాలుగు మూలలా కమాను కట్టలు. పోలీసులు తోలారు, సైన్యం తోలింది, ర్యాలీల కుర్రాళ్లు తిరగేసి మళ్లీ నిలబెట్టుకుని తోలారు. ఎవరూ ఏమీ అనలేదు. కానీ సైన్యం వేలంలోనో, సెకండ్ హ్యాండ్ బజారులోనో దాన్ని కొనుక్కున్న ఆసామి మాత్రం ఇంటికి తెచ్చిన మర్నాడే చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, గడ్డం గోక్కుని, ‘టైర్లు చిన్నవిగా లేవూ?’ అంటాడు. రోగం అక్కడ మొదలవుతుంది.

కింగ్‌కి కంపెనీ ఇచ్చిన టైరు 205/70 ఆర్15. అంటే వెడల్పు 205 మిల్లీమీటర్లు, ఆ వెడల్పులో 70 శాతం ఎత్తున్న గోడ, 15 అంగుళాల రిమ్ము. అన్నీ కలిపితే చక్రం ఎత్తు 668 మిల్లీమీటర్లు. ఆసామి కన్ను పడేది 31 అంగుళాల టైరు మీద. అది 787 మిల్లీమీటర్లు. తేడా జానెడు కూడా లేదు, పన్నెండు సెంటీమీటర్లు. ఆ పన్నెండు సెంటీమీటర్లలోనే ఆరు నెలల జీతం, మూడు ఆదివారాల సంసారం, ఒక సెక్షను కింద జరిమానా అన్నీ పడతాయి.

ఇలాంటి కోరికలు తీరే చోటు విజయవాడ ఆటోనగర్. లారీ బాడీలు కట్టేవాళ్లు, కమాను కట్టలు చరిచేవాళ్లు, రేడియేటర్లకు మాట్లేసేవాళ్లు అందరూ పక్కపక్కనే ఉంటారు. జిప్సీ ఆసామి నాలుగు టైర్లూ బండి వెనక వేసుకుని అక్కడికి చేరాడు.

‘‘పట్టుద్దా మేస్త్రీ?’’

మేస్త్రీ టైరు వంక, బండి వంక, ఆసామి చొక్కా జేబు వంక వరసగా చూశాడు. ‘‘పట్టకపోతే పట్టిచ్చేద్దాం బాబూ. ఇదొక్కటేగా.’’

బిగించి స్టీరింగు తిప్పితే టైరు లోపలి భుజం కమాను కట్టని రాసుకుంది. పాత రిమ్ము సన్నం, చక్రం బాగా లోపలికి కూర్చుంటుంది. సరే, వెడల్పాటి రిమ్ములు, చక్రాన్ని బయటికి నెట్టేవి తెచ్చారు. జిప్సీకీ పాత మహీంద్రా జీపులకీ అయిదేసి బోల్టులు, బోల్టుల వలయం రెండింటికీ 139.7 మిల్లీమీటర్లే కాబట్టి రిమ్ములకు కరువు లేదు. చక్రం బయటికొచ్చింది. కమాను వదిలేసింది, మడ్గార్డు పట్టుకుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అన్న సామెతకు ఆఫ్‌సెట్ అని ఇంకో పేరుందని ఆసామికి ఆ రోజే తెలిసింది.

మేస్త్రీ చదువు పెద్దగా లేనివాడు గానీ పరీక్ష పెట్టడం బాగా తెలిసినవాడు. టైరు భుజం చుట్టూ సుద్దముక్క దట్టంగా రుద్దాడు. ఒక ముందు చక్రాన్ని ర్యాంపు ఎక్కించి, ఈ కమాను పూర్తిగా అణిగి ఆ కమాను పూర్తిగా సాగేట్టు చేసి, స్టీరింగు ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పించాడు. దించి చూస్తే మడ్గార్డు వెనక అంచున ఒక తెల్లటి చార, బంపరు మూలన ఇంకో చార. చదునైన నేల మీద బండి నిలబెట్టి ‘అంతా ఖాళీయే’ అనుకునేవాళ్లు నడిరోడ్డులో గుంట తగిలినప్పుడు ఈ చారల సంగతి తెలుసుకుంటారు, అదీ సుద్దతో కాదు, రబ్బరు కమురు వాసనతో.

ఎత్తు లేపాలి. ముందుగా అందరూ పట్టుకునేది చవక దారి. కమాను కట్ట ఒక చివరన ఊగే షాకిల్ పట్టీ ఉంటుంది, దాన్ని పొడుగుది వేస్తే సరి. రెండంగుళాల పొడుగు పెంచితే బండి ఒక్కంగుళమే లేస్తుంది, కమాను రెండో చివర ఛాసిస్‌ని వదిలిపెట్టదు కాబట్టి. పైగా ముందు యాక్సిలు వాలు మారిపోతుంది. తిప్పి వదిలిన స్టీరింగు తనంతట తాను నిటారుకు వచ్చే బుద్ధి దానివల్లే వస్తుంది, ఆ బుద్ధి కాస్తా పోయింది. ఏలూరు వైపు పోనిస్తే బండి ఏలూరు కాలువ వైపు పోతానంది.

‘‘ఇట్టా కాదు బాబూ, స్ప్రింగ్ ఓవర్ చేద్దాం. ఇదొక్కటే,’’ అన్నాడు మేస్త్రీ.

ఇందులో ఒక తెలివుంది, ఒప్పుకోవాలి. ఫ్యాక్టరీలో కమాను కట్ట యాక్సిలు గొట్టానికి కింద ఉంటుంది. విప్పదీసి గొట్టం పైకెక్కించి, పైన కొత్త సీట్లు వెల్డింగు పెట్టి, యూ-బోల్టులు బిగిస్తే బండి ఒక్క దెబ్బకు అయిదంగుళాల దాకా లేస్తుంది. కొత్త కమాను ఒక్కటి కొనక్కర్లేదు. ఫ్యాక్షన్ సినిమాల్లో సుమోలు గాల్లోకి లేవాలంటే హీరో రావాలి, జిప్సీకి వెల్డింగు రాడ్డు చాలు.

లేచింది. లేచాక బ్రేకు గొట్టాలు పొట్టివయ్యాయి, చక్రం గుంటలో దిగితే తెగేటట్టు ఉన్నాయి. పొడుగువి వేశారు. ప్రొపెల్లర్ షాఫ్టు మరీ ఏటవాలుగా పడి యాభై స్పీడులో గుడగుడమంది. యాక్సిలు సీట్లు కోసి, మూతి పైకి తిప్పి మళ్లీ వెల్డింగు చేశారు. స్టీరింగు రాడ్డు పెద్ద వాలులో ఉండేసరికి గతుకు తగిలిన ప్రతిసారీ స్టీరింగు దానంతటదే ఓ పక్కకు గుంజింది. దానికో కొత్త ఆర్మ్ పడింది. అదయ్యాక క్లచ్చు వదిలి గట్టిగా లాగితే వెనక కమాను మెలిక తిరిగి ఇంగ్లీషు ఎస్ అక్షరంలా వంగుతోందని తేలింది. దానికో అడ్డ రాడ్డు. ప్రతి దానికీ ముందు ‘ఇదొక్కటే’ అన్న మాట రావడం, ఆసామి తలూపడం మామూలైపోయింది.

అసలు బాధ వేరే ఉంది. జిప్సీ పొట్ట కింద రాయికి మొదట తగిలేది యాక్సిలు మధ్యలో ఉబ్బి ఉండే డిఫరెన్షియల్. కమాను పైకెక్కించినా, బాడీ కింద దిమ్మెలు పెట్టినా, ఆ ఉబ్బు ఒక్క గీత కూడా పైకి రాదు. దాన్ని లేపగలిగింది టైరు ఒక్కటే, అదీ పెరిగిన ఎత్తులో సగం. పన్నెండు సెంటీమీటర్ల టైరు పెంచితే రాయికీ డిఫరెన్షియల్‌కీ మధ్య కొత్తగా వచ్చిన చోటు ఆరు సెంటీమీటర్లు. మిగిలిన అయిదంగుళాల లేపుడంతా టైరుకు మడ్గార్డు తగలకుండా చూడ్డానికే. కౌపీన సంరక్షణ అంటే ఇదే.

ఈ వరసని ప్రపంచంలో చివరికంటా పాటించిన మహానుభావుడు అమెరికాలో ఉన్నాడు. మిస్సోరీ రాష్ట్రంలో సెయింట్ లూయిస్ దగ్గర ఫోర్‌వీల్ డ్రైవ్ బళ్ల దుకాణం పెట్టుకున్న బాబ్ చాండ్లర్. ఆయన 1974 మోడల్ ఫోర్డ్ ఎఫ్-250కి పెద్ద టైర్లు వేశాడు, ఆ బరువుకి యాక్సిలు విరిగింది. గట్టి యాక్సిలు వేశాడు. అంత గట్టి యాక్సిలు ఉన్నాక ఇంకా పెద్ద టైరు ఎందుకు వేయకూడదనిపించింది. మళ్లీ విరిగింది. చివరికి మిలటరీ లారీల యాక్సిళ్ల దాకా వెళ్లాడు. ఆక్సిలరేటర్ మీద బరువుగా కాలేసి సామాన్లు విరగ్గొడుతున్నాడని దుకాణం మేనేజరు వెక్కిరిస్తే, ఆ వెక్కిరింతనే బండికి పేరు పెట్టాడు: బిగ్‌ఫుట్. 1981లో ఒక పొలంలో పాత కార్ల మీంచి దాన్ని నడిపించాడు. మరుసటి ఏడాదికి టైర్లు 66 అంగుళాలకు చేరాయి, అంటే సగటు మనిషి ఎత్తు. మాన్‌స్టర్ ట్రక్ అనే ఆట అలా పుట్టింది. సన్యాసికి ఇల్లాలు వచ్చింది, చాండ్లర్‌కి పరిశ్రమ వచ్చింది.

ఐస్‌లాండ్ వాళ్లది వేడుక కాదు, అవసరం. మెత్తటి మంచు మీద సన్న టైరు దిగబడిపోతుంది. అందుకని 38, 44 అంగుళాల టైర్లేసి, మామూలుగా ముప్ఫై పీఎస్‌ఐ ఉండాల్సిన గాలిని రెండు మూడు దాకా దించేస్తారు. టైరు పరుపులా పరుచుకుని మంచు మీద తేలుతుంది. గాలి తీసిన టైరు పక్కలకు ఉబ్బుతుంది కాబట్టి మడ్గార్డు మామూలు కొలతకు కోస్తే చాలదు. గుమ్మం అంత కోసి, చుట్టూ బారెడు వెడల్పు ఫైబర్ రెక్కలు తగిలిస్తారు. 1990 నుంచి ఈ పనిలో ఉన్న ఆర్కిటిక్ ట్రక్స్ సంస్థ తయారుచేసిన టొయోటా హైలక్స్‌లోనే 2007లో బీబీసీ టాప్ గేర్ బృందం, 1996లో ఉత్తర అయస్కాంత ధ్రువం గుర్తించిన చోటికి వెళ్లింది. విజయవాడ వేసవిలో ఈ ఉదాహరణని ఇంట్లో వాడే ఆసాములకు పెద్ద ప్రయోజనం కనిపించలేదు.

మడ్గార్డు కోయడం అంటే గుర్తొచ్చేది జపాన్‌లో చిబా ప్రాంతపు అకిరా నకాయ్. ఆయన పాత పోర్షే 911ల మడ్గార్డులు రంపంతో కోసి వెడల్పు రెక్కలు బిగిస్తాడు. దేశదేశాలు తిరిగి, యజమాని కళ్ల ముందే కోస్తాడు. లక్షల డాలర్ల బండి మీద రంపం ఆడుతుంటే యజమానులు ఫొటోలు తీసుకుంటారు. అంత గుండె ధైర్యం లేని అమెరికా కుర్రాళ్లు కోయకుండా, మడ్గార్డు లోపలి అంచుని మడిచి సరిపెట్టుకుంటారు. దానికి పద్ధతైన పనిముట్టు ఉంది. అది లేనివాళ్లు టైరుకీ అంచుకీ మధ్య బేస్‌బాల్ బ్యాటు దూర్చి బండిని మెల్లగా తోస్తారు. రంగు పెచ్చులు లేవకుండా ముందు వేడిగాలి పట్టాలి. పట్టనివాళ్లకు రంగు పెచ్చులు, పట్టినవాళ్లకు కొంచెం తక్కువ పెచ్చులు.

మన మేస్త్రీ దగ్గర బ్యాటు లేదు, గ్రైండరు ఉంది. సుద్ద చారకు రెండు వేళ్ల అవతల మాస్కింగ్ టేపు అతికించి, టేపు అంచున కోశాడు. ముందు మడ్గార్డు ఒకే రేకు, అయిదు నిమిషాల పని. వెనక చక్రం దగ్గరే తంటా. అక్కడ బయటి రేకు, లోపలి రేకు అంచున కలిపి అతికించి ఉంటాయి. కోసేస్తే రెండూ విడిపోయి నోరు తెరుస్తాయి, వానాకాలంలో బురదంతా లోపల చేరి తుప్పు పట్టిస్తుంది. అందుకని బయటి రేకు కోసి, లోపలి రేకుని వేలెడు వేలెడు చీలికలుగా చేసి, ఒక్కోదాన్ని సుత్తితో పైకి మడిచి, వెల్డింగు చుక్కలు పెట్టాడు. తర్వాత సీలెంటు, జింకు ప్రైమరు, అంచుకు రబ్బరు బీడింగు. చూడముచ్చటగా ఉంది. నిప్పురవ్వలు పడి అద్దం మీద చిన్న చిన్న గుంటలు పడ్డ సంగతి ఇంటికెళ్లాక కనిపించింది.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసు ఒకదానిలో అదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణలో యజమానికి 182-ఏ సెక్షను కింద ఆరు నెలల దాకా జైలో, ఒక్కో మార్పుకీ అయిదు వేల జరిమానానో, రెండూనో అన్నారు. ఒక్కో మార్పుకీ. టైరు, రిమ్ము, కమాను, స్టీరింగు ఆర్మ్, మడ్గార్డు అంటూ ఆసామి వేళ్లు మడుస్తూ లెక్కపెట్టి, రెండో చేతికి వచ్చేసరికి ఆపేశాడు. ఊళ్లోని పాత తరం ఇప్పటికీ బ్రేకు ఇన్‌స్పెక్టరు అని పిలిచే అధికారి ముందుకి ఫిట్‌నెస్‌కి తీసుకెళ్లాలంటే పాత టైర్లు మళ్లీ బిగించుకోవచ్చు. కోసిన రేకుని మాత్రం మళ్లీ మొలిపించలేరు. పాత చిన్న చక్రాలు ఆ పెద్ద ఖాళీల్లో ఎలా కనిపిస్తాయో ఊహించుకుంటే చాలు, ఇన్‌స్పెక్టరు అడగాల్సిన పనే లేదు.

స్పీడోమీటరుకి ఈ సంగతులేవీ తెలియవు. అది చక్రం చుట్లే లెక్కపెడుతుంది. 60 చూపిస్తుంటే బండి నిజంగా 70 దాటి పోతుంటుంది. వంద కిలోమీటర్లు తిరిగినట్టు చూపిస్తే, నిజానికి దాదాపు 118. మైలేజీ పడిపోయిందని ఆసామి మొత్తుకునేదాంట్లో కొంత ఈ లెక్క తప్పే. మిగతాది మాత్రం నిజమే. పెద్ద చక్రం తిప్పడానికి ప్రతి గేరులోనూ పదిహేను శాతం లాగుడు తగ్గిపోయింది కాబట్టి ఫ్లై ఓవర్ ఎక్కడానికి కూడా గేరు దింపాల్సి వస్తోంది. దీనికీ మందుంది, ట్రాన్స్‌ఫర్ కేసులో పళ్లు మార్చడం. మేస్త్రీ ఆ మాట ఎత్తగానే ఆసామి చెవులు మూసుకున్నాడు. ఈలోగా, రెట్టింపు బరువున్న స్టెప్నీని మోయలేక వెనక తలుపు బందులు వేలాడాయి. దాని వెల్డింగు వేరే ఖాతా.

అంతా అయ్యాక ఇంట్లోవాళ్లని గుడికి తీసుకెళ్దామని బండి గుమ్మం ముందు ఆపాడు. ఆరు సెంటీమీటర్లు టైరు, అయిదంగుళాలు కమాను, మొత్తం కలిపి ఏడంగుళాలకు పైనే నేల నుంచి లేచింది. పట్టుచీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని అత్తగారు ఒకసారి కాలెత్తి చూసి, దించేశారు. ‘‘నిచ్చెన మర్చిపోయావా అల్లుడూ?’’

అల్లుడు మర్నాడే ఆటోనగర్ వెళ్లి పక్కన పైపు మెట్లు బిగించుకొచ్చాడు. ఆ వచ్చే ఆదివారం స్నేహితులతో కొండ దారికి వెళ్తే, మొదటి రాయికే తగిలి వంగింది ఆ మెట్లే. విప్పేశాడు. ఇప్పుడు జిప్సీలో వెనక సీటు కింద జాకీ, వీల్ స్పానరు, టో తాడుతో పాటు వంటింటి పీట ఒకటి ఉంటుంది. అత్తగారు దిగేటప్పుడు దాన్ని కింద వేయడం మనవడి డ్యూటీ.