అటక మీది పెట్టె: టీకా తాత్పర్య సహితం

అవతారిక

పేట్ బషీరాబాద్‌లో, నాగపూర్ రోడ్డుకు కాస్త లోపలగా, ఒక అపార్టుమెంటులో కాపురముండే బావగారికి ఆయన బావమరిది ఒక శనివారం రాత్రి వాట్సాప్‌లో పంపిన ఆటవెలది ఇది. కవి గచ్చిబౌలి వైపు ఉంటాడు. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలకు ఇప్పటికీ పోతూనే ఉంటాడు. బావగారు 2012 దాకా పోయారు. ఆ ఏడాది జూలై 30న గగన్ నారంగ్ లండన్ ఒలింపిక్స్‌లో కంచు పతకం గెలిస్తే తోటివాళ్లందరికీ మిఠాయిలు పంచింది ఆయనే. ఆ తర్వాత ప్రమోషను, ఇంటి లోను, పిల్లల ఫీజులు వరసగా వచ్చి రైఫిలు పెట్టెలోకి, పెట్టె అటక మీదికి చేరాయి. ఇన్నాళ్లకు మళ్లీ చెయ్యి దురదపెట్టింది. “పోటీకి రావాలంటే ఏమేం కావాలిరా?” అని అడిగితే, జాబితా పంపాల్సినవాడు పద్యం పంపాడు. ఇలాంటి కవులున్నంత కాలం వ్యాఖ్యాతలకు పని ఉంటుంది.

మూలం

అటక మీఁది పెట్టె నందుకో బావయ్య
గాలిబుడ్డి మీఁద గడువు చూడు
కోటు పట్టకున్న కోపించ వలదయ్య
యూపిరాగు చోట నుంచు వేలు

ప్రతిపదార్థం

బావయ్య = ఓ బావగారూ!; అటక మీఁది = బాత్రూం పైనున్న లాఫ్టులోని; పెట్టెన్ = రైఫిలు పెట్టెను; అందుకో = (కుర్చీ వేసుకుని, ఆ కుర్చీని మరొకరు పట్టుకోగా) దింపుము; గాలిబుడ్డి మీఁదన్ = గొట్టం కింద బిగించే గాలి సిలిండరు పైన; గడువున్ = చెక్కియున్న తేదీని; చూడు = (కళ్లజోడు వెతుక్కుని) చదువుము; కోటు = షూటింగ్ జాకెట్; పట్టకున్నన్ = గుండీలు అందకపోయినచో; కోపించన్ వలదు = (వండినవారి మీద, కుట్టినవారి మీద) కోపగింపరాదు; అయ్య = పాదపూరణము; ఊపిరి ఆగు చోటన్ = సగం విడిచిన శ్వాస తనంతట తాను నిలిచే తావున; వేలున్ = చూపుడు వేలిని; ఉంచు = ట్రిగ్గరుపై ఆన్చుము.

తాత్పర్యం

బావా, దుకాణానికి పరుగెత్తకముందు ఇంట్లో ఉన్నది దింపి చూసుకో. అందులో కాలం చెల్లినదేదో, ఒంటికి సరిపోనిదేదో తేల్చుకో. ఆ తర్వాత గురి సంగతి.

విశేషాలు

అటక మీఁది పెట్టె. కవి మొదటి మాటే పాత పెట్టె గురించి ఎత్తుకోవడంలో ఔచిత్యముంది. విరామం తర్వాత వచ్చేవాడికి సహజంగా కలిగే మొదటి కోరిక కొత్త రైఫిలు. వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావు, స్టైర్ అని జర్మన్, ఆస్ట్రియన్ పేర్లు జపిస్తూ లక్షల్లో ధరలు చూస్తూ రాత్రిళ్లు గడుపుతాడు. పదేళ్ల పాటు అరమిల్లీమీటరు కూడా అరగని గొట్టం తన నెత్తి మీదే ఉందన్నది మరిచిపోతాడు. మ్యాచ్ రైఫిలు గొట్టం అంత తొందరగా పాడయ్యేది కాదు. పాడయ్యేవి లోపలి రబ్బరు సీళ్లు, తుప్పు పట్టే మరలు, బూజు పట్టే కోటు.

ఈ తుప్పు, బూజుల గురించి స్థలపురాణం కొంత చెప్పాలి. సుచిత్ర నుంచి కొంపల్లి దాకా వెలసిన అపార్టుమెంట్లలో పూర్వకాలపు అటకలు లేవు. ఉన్నది బాత్రూం నెత్తిన లాఫ్టు. పక్కనే గీజరు. పొద్దున ఆవిరి, మధ్యాహ్నం స్లాబు వేడి. పాత కాలపు అటక మీద చింతపండు జాడీ కూడా క్షేమంగా ఉండేది. ఈ లాఫ్టులో ఉక్కు కూడా నిలవదు. కనుక దింపగానే చేయాల్సినది తుడవడం, నూనె రాయడం, సీళ్లు మార్చడానికి తెలిసిన మెకానిక్కుకు ఇవ్వడం. తిరిగి పెట్టేటప్పుడు పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి, పడకగది అలమరలో పెట్టడం.

దింపేటప్పుడు గొట్టం మనిషి వైపు ఉండకూడదు. ఎన్నేళ్ల నాటి పెట్టె అయినా లోపల పెల్లెట్ ఉందనే అనుకుని తెరవాలి. ఖాళీ అని కంటితో చూశాక, గొట్టంలో రంగు దారం వంటి సేఫ్టీ ఫ్లాగ్ దూర్చాలి. రేంజిలో అది లేని రైఫిలు బల్ల మీద కనిపిస్తే అధికారి ఊరుకోడు.

ఇక్కడ కొందరు “లైసెన్సో?” అని ఆక్షేపిస్తారు. 2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్లు దాటని గొట్టం, 20 జౌల్స్ దాటని శక్తి ఉన్న ఎయిర్ రైఫిలుకు లైసెన్సు అక్కర్లేదు. పోటీ రైఫిలు శక్తి ఆ హద్దుకు చాలా కింద ఉంటుంది. అయినా కారులో తీసుకెళ్లేటప్పుడు పెట్టెలోనే ఉంచి, బిల్లు, అసోసియేషన్ కార్డు వెంట పెట్టుకోవడం మర్యాద. రోడ్డు మీద ఆపిన కానిస్టేబులుకు జౌల్స్ అంటే ఏమిటో వివరిస్తూ నిలబడితే, పోటీకి ముందు గురి సరిచూసుకునే సైటింగ్ టైము అయిపోతుంది.

గాలిబుడ్డి. సిలిండరు అనే మాట ఆ చోట ఇమడక కవి బుడ్డి అన్నాడు. కిరసనాయిలు బుడ్డి అని భ్రమించిన వ్యాఖ్యాతలు లేకపోలేదు. వారిని వదిలేద్దాం. ఇది 200 బార్ల దాకా గాలి నింపే లోహపు గొట్టం. దాని ఆయుష్షు పదేళ్లని అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమం. తేదీ దాని మీదే చెక్కి ఉంటుంది. 2009 అని ఉంటే 2019తోనే దాని కథ ముగిసింది. పరికరాల తనిఖీలో దొరికితే దొరుకుతుంది, దొరక్కపోతే మరీ ప్రమాదం. బయటికి ఎంత మెరిసినా మార్చాల్సిందే. పాత ఇనప సామాన్లవాడికి వేసేముందు గాలి మొత్తం తీసేయాలి. ఎండాకాలంలో దీన్ని కారు డిక్కీలో వదిలి బిర్యానీకి వెళ్లకూడదు.

గడువు చూడు. పద్యంలో ధ్వని ఉన్నది ఇక్కడే. గడువు తీరినది బుడ్డికి ఒక్కదానికేనా? బావగారికి తెలిసిన ఆటకు కూడా గడువు తీరిపోయింది. ఆయన వదిలేసిన నాడు 60 షాట్లకు 600 మార్కులు. పది తగిలితే పది, అంతే. సైటింగ్ షాట్లతో కలిపి 105 నిమిషాలు. నారంగ్ లండన్‌లో అర్హత రౌండులో 598 కొట్టాడు. ఫైనల్ పది షాట్ల 103.1 దానికి కలిపి 701.1. అంతకు నాలుగేళ్ల ముందు బీజింగ్‌లో 595 కొట్టి, అంతే స్కోరున్న వాడితో కౌంట్‌బ్యాక్‌లో ఓడి ఫైనల్ చేరలేకపోయాడు. పూర్ణాంకాల లెక్కలో అలాంటి గుండెకోతలు మామూలే.

2013 నుంచి లెక్క మారింది. ప్రతి షాటుకూ దశాంశం. అత్యుత్తమం 10.9, మొత్తానికి 654. సైటింగుకు 15 నిమిషాలు విడిగా ఇచ్చి, అసలు 60 షాట్లకు 75 నిమిషాలే ఇస్తున్నారు. ఫైనల్లో పాత స్కోరు కలవదు, అందరూ సున్నా నుంచే. 2018 నుంచి ఆడవాళ్లకూ 40 పోయి 60 షాట్లయ్యాయి. కనుక బావగారి భార్య, అంటే కవి అక్కగారు, సరదాకి రైఫిలు పట్టినా తగ్గింపు లేదు. “నేను ఆ రోజుల్లో 580 కొట్టేవాణ్ణి” అని బావగారు రేంజిలో అంటే పక్కనున్న పదహారేళ్ల కుర్రాడు ఆయన్ను చూసి జాలిపడతాడు. వాడి లెక్కలో 600 దాటకపోతే ఆ రోజు బాగాలేదని అర్థం. వ్యాఖ్యాత సలహా ఏమంటే, మొదటి ఆర్నెల్లు పాత స్కోరు ఎత్తకపోవడమే మంచిది.

కోటు పట్టకున్న. కరుణ, హాస్య రసాల సంకరం. షూటింగ్ కోటు బిగుతుగా ఉంటే స్థిరంగా ఉంటుందన్నది పాత నమ్మకం. నియమం అందుకు విరుద్ధం. గుండీలు పెట్టే చోటు దాటి ఇంకో 70 మిల్లీమీటర్లు ఒకదాని మీద ఒకటి వచ్చేంత వదులు ఉండాలి. అంటే బావగారు ఊపిరి బిగబట్టి ఎలాగో గుండీ పెట్టేసినా తనిఖీలో తప్పినట్టే. బట్ట మందం ఒక పొరకు 2.5 మిల్లీమీటర్లు మించకూడదు, బిరుసుతనానికి వేరే పరీక్ష. గుండీలు జరిపించుకోవడం తప్పు కాదు కాబట్టి ముందు దర్జీ దగ్గరకు వెళ్లాలి. జరపడానికి చోటు లేకపోతేనే కొత్త కోటు. “కోపించ వలదు” అని కవి ముందే హెచ్చరించడం ఎందుకంటే, ఈ ఘట్టంలో ప్రతి ఇంట్లోనూ “నీ వంట వల్లే” అనే సంవాదం జరుగుతుంది. కవి అక్కగారికి సొంత తమ్ముడు కనుక ఇది పక్షపాతం అని ఒక మతం.

బూట్ల సంగతి పద్యంలో లేదు. అదో లోపమే. అడుగు వంగని చెక్కబూట్లతో బాతులా నడిచే రోజులు పోయాయి. ఇప్పుడు అడుగు వంగాలి, రేంజిలో మడమ నుంచి వేళ్ల దాకా మామూలుగా నడవాలి. కవికి బేసి పాదాలు రెండింటి చివరా “అయ్య” పెట్టడానికి చోటు దొరికింది గానీ బూట్లకు దొరకలేదు.

ఊపిరాగు చోట. అక్కగారు ఈ పాదం చదివి “శనివారం రాత్రి ఇవేం మాటలు?” అన్నారట. ఆలంకారికులు దీన్నే అమంగళ అశ్లీల దోషమంటారు. కవి సమాధానం: మార్చితే యతి పోతుంది. వ్యాఖ్యాత సమాధానం: ఇక్కడ ఆగేది సగం విడిచాక సహజంగా నిలిచే శ్వాస మాత్రమే. ఆ కొద్ది సెకన్లలో రైఫిలు కదలిక తగ్గుతుంది. ఎనిమిది, పది సెకన్లు దాటితే కన్ను అలసి, కండరం వణికి, మనసు బేరాలాడుతుంది.

ఈ చోట అర్జునుణ్ణి, పక్షి కన్నును తేవడం వ్యాఖ్యాతలకు ఆచారం. పీప్ సైట్ రైఫిలుకు ఆ ఉపదేశం పనికిరాదని మనవి. చూపు నిలపాల్సింది గొట్టం చివరనున్న సైటు రింగు మీద. పది మీటర్ల అవతలి నల్లచుక్క కాస్త మసగ్గానే కనబడాలి. రింగులో చుక్క నడుమ ఉందా, చుట్టూ తెల్లని వలయం సమానంగా ఉందా అన్నదే ప్రశ్న. ద్రోణుడు ఈ రేంజిలో కోచ్ అయితే “పక్షి కన్ను స్పష్టంగా కనిపిస్తోంది” అన్నవాణ్ణే పక్కకు నిలబెట్టేవాడు. నలభై దాటిన బావగారికి ఆ రింగే మసకేస్తుంది. అందుకు కొత్త సైటు కొనక్కర్లేదు. కళ్ల డాక్టరుకు పరిస్థితి చెప్పి, దూరపు చూపు అద్దానికి అర పాయింటు కలిపి చూస్తే చాలాసార్లు తేట పడుతుంది.

ఇంతకీ కొట్టాల్సిన పది ఎంత? వ్యాసం అరమిల్లీమీటరు, ఆవగింజ వెడల్పులో నాలుగో వంతు. అయితే 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ అంచు ఆ చుక్కకు తగిలినా పదే. చచ్చీచెడీ 10.0 తెచ్చుకోవచ్చు. 10.9 కావాలంటే మాత్రం నడిబొడ్డున పడాలి.

దీనికి అభ్యాసం రేంజిలోనే కానక్కర్లేదు. పేట్ బషీరాబాద్ నుంచి కండ్లకోయ దగ్గర ఔటర్ ఎక్కి సెంట్రల్ యూనివర్సిటీలోని రేంజికి రోజూ పోయి రావడం ఉద్యోగస్థుడికి కుదరని పని. ఈ దిక్కున హకీంపేటలో స్పోర్ట్స్ స్కూలు ఉంది, మైదానాలున్నాయి, బావగారికి ఉన్నది మాత్రం ఇంట్లోని హాలు. అయిదు మీటర్లుంటే చాలు. అసలు నల్లచుక్క 30.5 మిల్లీమీటర్లు, పది మీటర్లలో. అయిదు మీటర్ల దూరంలో గోడకు సుమారు 15 మిల్లీమీటర్ల చుక్క అతికిస్తే కంటికి అదే పరిమాణం. పెల్లెట్లు వేరే గదిలో పెట్టి, తలుపు గడియ వేసి, రోజూ అరగంట డ్రై ఫైర్, అంటే పెల్లెట్ లేని సాధన. అయిదున్నర కిలోలు దాటకూడని ఆ బరువును ఎడమ మోచెయ్యి తుంటి ఎముక మీద ఆన్చి మోయాలి. భుజంతో మోస్తే మూడో రోజుకే అమృతాంజనం. నిలబడి, గురి చూసి, కళ్లు మూసి, ఊపిరి వదిలి, కళ్లు తెరవాలి. రింగు చుక్క మీదే ఉంటే పాదాలు సరిగ్గా ఉన్నట్టు. పక్కకు పోయి ఉంటే చేత్తో లాగకూడదు, పాదం జరపాలి. రేంజి నుంచి వచ్చాక చేతులు కడుక్కోవాలన్నది టీకాలో చేరుస్తున్నాను, పెల్లెట్ సీసం కదా.

టీవీ మోత, పక్కింటి డ్రిల్లింగు మిషను అడ్డం వస్తున్నాయని బావగారు ఫిర్యాదు చేస్తే హైదరాబాదు కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ పేరు చెప్పాలి. వినికిడి లేని ఆ షూటరు 2022 మేలో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ స్వర్ణం గెలిచాడు, 2025లో టోక్యోలో మళ్లీ గెలిచాడు. చుట్టూ నిశ్శబ్దం ఉన్నంత మాత్రాన లోపలి గుండె చప్పుడు తగ్గదు. దాన్ని అణచడం విడిగా నేర్వాలి.

నుంచు వేలు. కవి “నొక్కు” అనలేదు, “ఉంచు” అన్నాడు. పాత చేతులకు గుర్తుండేది నొక్కడం. మరిచిపోయేది నొక్కకుండా దించడం. ఎనిమిది సెకన్లు గడిచాయి, రింగు కుదరలేదు, అయినా ఇంత సేపు ఎత్తి పట్టుకున్నాం కదా అని లాగేస్తాడు. ఆ ఒక్క 8.7తో అరగంట కష్టం పోతుంది. 75 నిమిషాలకు 60 షాట్లంటే షాటుకు 75 సెకన్లు. అంటే ఒకసారి ఎత్తి, నచ్చక దించి, ఊపిరి పీల్చి, మళ్లీ ఎత్తడానికి నియమమే చోటిచ్చింది. వేలు ఉంచి తీసేయగలిగిన వాడే తిరిగొచ్చినట్టు లెక్క అని ఈ వ్యాఖ్యాత మతం. కోటు, బుడ్డి, కళ్లజోడు డబ్బుతో వస్తాయి, ఇది గోడ మీది చుక్క ముందు వస్తుంది.

పద్యం అందిన మర్నాడు బావగారు పెట్టె దింపారు, బుడ్డి మీద గడువు చదివారు, కోటు వేసుకున్నారు, కోపించారు. తర్వాతి స్కోరు గురించి మూలంలో ప్రస్తావన లేదు గనుక వ్యాఖ్యాత కూడా మాట్లాడడు.