చరణం రాని గిటారన్న

నవీపేట్‌లో శనివారం మేకల సంత. పొద్దున్నే జనం దిగే వేళకు గిటారన్న మిద్దె ఎక్కుతాడు. కింద బేరాలు తెగుతుంటాయి, పైన తీగలు తెగుతుంటాయి.

ఆయనకు ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. బీటెక్ అయిపోయింది, లేదంటే రెండు సబ్జెక్టులు మిగిలాయి. కుడిచేతి బొటనవేలి గోరు పెంచుతాడు, ఎడమచేతి గోళ్లు మొదలంటా కత్తిరిస్తాడు. ఎడమచేతి వేళ్ల కొసలు ఉక్కు తీగలు కోసుకుని కోసుకుని కాయలు కాశాయి. ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ ఆ కాయలు చూపిస్తాడు. "నెలల సాధన కాకా ఇది" అంటాడు. పక్కనే చాయ్ గ్లాసులు అందిస్తున్న తల్లి చేతులకు పసుపు తవ్వి తవ్వి అంతకు రెట్టింపు కాయలుంటాయి. ఆమె ఎవరికీ చూపించదు, చుట్టాలూ అడగరు.

గిటారు మీద గివ్సన్ అని ఉంటుంది. అమెరికావాళ్ల గిబ్సన్‌తో దానికి ఏ చుట్టరికమూ లేదు, అది కోల్‌కతా సరుకు. కొంచెం దూరం నుంచి తీస్తే ఆ ఒక్క అక్షరం తేడా కనపడదు. అందుకే ఆయన ఫొటోలన్నీ దూరం నుంచి తీసినవే.

ఈ గిటారన్నల జాతి మన ఊళ్లలోకి ఎప్పుడు దిగిందంటే, 2007లో 'హ్యాపీ డేస్' వచ్చినప్పటి నుంచీ లెక్కపెట్టొచ్చు. మిక్కీ జె మేయర్ పాటలు విన్న ఇంజినీరింగ్ పిల్లలకు హాస్టల్ గదిలో బకెట్టు, పరుపుతో పాటు గిటారు కూడా ఉండాలని తోచింది. 2010లో 'ఆరెంజ్' థియేటర్లలో నిలవలేదు గానీ హారిస్ జయరాజ్ పాటలు నిలిచాయి. 2023లో మళ్లీ విడుదలైతే హాలు హాలంతా లేచి పాడింది. 2018లో 'గీత గోవిందం', 2020 సంక్రాంతికి 'అల వైకుంఠపురములో' వచ్చాక ఇంకో తంటా మొదలైంది. రెండింట్లోనూ సిద్ శ్రీరామ్ పాడాడు కదా, గిటారన్న చేతులతో ఆగకుండా గొంతు కూడా కలిపాడు. ఆ గమకాలు తిప్పబోయి ఎక్కడెక్కడో తిరిగి వస్తాడు. ఈలోపు చెయ్యి ఆగిపోతుంది.

ఆయనకు ఎన్ని పాటలొచ్చని అడిగితే నూటయాభై అంటాడు. అబద్ధం కాదు. నూటయాభై పాటల మొదలు వచ్చు. పల్లవి దాకా గుర్రంలా పోతాడు, చరణం దగ్గర గిటారు పక్కన పెట్టి "ఇంకోటి వినిపిస్తా" అంటాడు.

తప్పంతా ఆయనది కాదు. చాలా సినిమా పాటల్లో పల్లవి మూడు నాలుగు కార్డుల్లో కుదురుకుంటుంది. చరణంలోకి వెళ్లగానే బాణీ దారి మారుస్తుంది, కార్డులూ మారతాయి, అందులో ఎక్కడో ఒకచోట ఎఫ్ కాపు కాసి ఉంటుంది. ఎఫ్ అంటే చూపుడువేలిని మొదటి ఫ్రెట్ దగ్గర ఆరు తీగల మీదా అడ్డంగా అదిమిపెట్టి, మిగతా మూడు వేళ్లతో ఇంకో మూడు తీగలు నొక్కాలి. అక్కడ తీగ గట్టిగా ఉంటుంది, ఒక పట్టాన లొంగదు. ఆరు తీగల్లో నాలుగు మోగుతాయి, రెండు దగ్గుతాయి. జూన్‌లో పెట్టిన పసుపు తొమ్మిది నెలల్లో చేతికొస్తుంది. అదే జూన్‌లో మొదలుపెట్టిన ఎఫ్ మాత్రం పసుపు ఉడకబెట్టే రోజులకూ పచ్చిగానే ఉంది.

దీనికి ఆయనే ఒక ఉపాయం కనిపెట్టాడు. మొదటి ఫ్రెట్‌కు కేపో, అంటే తీగలన్నిటినీ అదిమిపట్టే క్లిప్పు, బిగించి, మామూలు ఈ కార్డ్ పట్టుకుంటే ఎఫ్ పలుకుతుంది. లెక్క నూటికి నూరుపాళ్లు సరైనదే. రెండు రోజులు సంబరపడ్డాడు. మూడో రోజు పాట మొత్తం పట్టబోతే అసలు సంగతి బయటపడింది. కేపో అన్ని కార్డులనూ అరమెట్టు పైకి జరుపుతుంది గదా! అదే పాటలో ఇన్నాళ్లూ ఇట్టే వచ్చిన సి, జి, ఏ మైనర్ మూడూ ఇప్పుడు వేలు అడ్డం పెట్టి పట్టాల్సినవై కూర్చున్నాయి. ఒక్క ఎఫ్ నుంచి తప్పించుకోబోయి మూడు ఎఫ్‌లను ఇంటికి తెచ్చుకున్నాడు.

ఇంట్లో శ్రోత తాత ఒక్కడే. మనవడు అరగంట వాయించాక తాత అడిగాడు.

"అంతా మంచిగనే ఉన్నది గని బిడ్డా, పాట ఏడున్నదిరా?"

తాత అడిగినదాంట్లో న్యాయముంది. గిటారన్న వాయించేది కార్డులు, అంటే పాటకు వెనక నిలబడే మోత. ముందు నిలబడే బాణీ లేకపోతే అది ఏ పాటైనా కావచ్చు. ఆస్ట్రేలియాలో యాక్సిస్ ఆఫ్ ఆసమ్ అనే హాస్య బృందం నాలుగే కార్డులు తిప్పితిప్పి వాయిస్తూ, వాటి మీద డజన్ల కొద్దీ హిట్ పాటలను వరసగా పాడి ప్రపంచాన్ని నవ్వించింది. పాడితే చెయ్యి ఆగిపోతుందని, గిటారన్న అదే పని నోరు మూసుకుని చేస్తాడు. నవ్వొచ్చేది తాత ఒక్కడికే.

గిటారన్నకు పడనివాడు ఒకడున్నాడు. నిజామాబాద్ దిక్కు ఒకప్పుడు ఆర్కెస్ట్రాల్లో వాయించిన పెద్దాయన. ఇలాంటి కాక ప్రతి ఊరికీ ఒకడుంటాడు. 1982లో ఇళయరాజా తమిళంలో చేసిన 'ఇళయ నిలా'లో చంద్రశేఖర్ వాయించిన గిటారును ఆయన క్యాసెట్టు వెనక్కి తిప్పితిప్పి పట్టాడట. టేపు అరిగేది, బ్యాటరీలు దిగితే శ్రుతి కూడా దిగేది, దాంతో పాటు గిటారునూ దించుకునేవాడట. ఇప్పుడు ఫోన్లో వేగం సగానికి తగ్గించినా శ్రుతి చెక్కుచెదరదు, ఏ తీగ మీద ఏ వేలో బొమ్మ గీసి మరీ చూపిస్తారు. "ఇన్ని ఉండి గూడ చరణం రాదారా నీకు?" అంటాడు కాక. మాట కటువే గానీ, కొట్టిపారేయలేం. చెవితో పట్టినవాడికి పాట మొత్తం వస్తుంది, కంటితో పట్టినవాడికి వీడియో ఉన్నంతే వస్తుంది.

ఇక రీలు. మిద్దె మీద పసుపు బస్తాకు ఫోను ఆనించి నిమిషం పాట రికార్డు చేస్తాడు. నాందేడ్ వైపు పోయే రైలు సరిగ్గా పల్లవి చివర్లో కూత వేస్తుంది, మళ్లీ మొదలు. పన్నెండోసారికి కుదిరిన దానికి 'అన్‌ప్లగ్డ్' అని పేరు పెడతాడు. ఆ గిటారుకు ప్లగ్గు పెట్టే రంధ్రమే లేదు.

పెళ్లిళ్ల కాలంలో ఆయనకు పిలుపొస్తుంది. పసుపు దంచడం పోయి హల్దీ వచ్చింది కదా, దానికి గిటారు ఉంటే బాగుంటుందని పెళ్లికూతురి ముచ్చట. పోయి కూర్చుంటాడు. రెండు పల్లవులు అవుతాయో లేదో, "అన్నా, తీన్మార్ కొట్టే" అని వెనక నుంచి కేకలు. డప్పు దరువును ఉక్కు తీగల మీద దింపడానికి ఒళ్లంతా చెమటలు పడతాయి. ఈలోగా మేనబావలు చల్లిన పసుపు గిటారు మెడ మీద పడుతుంది. 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు వచ్చింది గానీ, ఫ్రెట్ బోర్డు మీద పసుపు మరకను వదిలించడం ఆ బోర్డు వల్ల కూడా కాదు. చివరికి డీజే డబ్బాలు ఆన్ అవుతాయి, గిటారన్న సంచీలోకి గిటారును, ప్లేటులోకి బిర్యానీని సర్దుకుంటాడు.

వాళ్ల బాపు మాత్రం కొడుకును పూర్తిగా కొట్టిపారేయడు. గోదావరి దాటితే బాసర. వసంత పంచమికి గిటారును తీసుకుపోయి అమ్మవారి ముందు పెట్టించింది ఆయనే. వీణ పట్టిన తల్లి దీన్ని చూసి ఏమనుకుంటుందోనని పెద్దమ్మ అనుమానపడితే, పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ మాండలిన్‌తో త్యాగరాజు కీర్తనలు పలికించలేదా అని ఎదురు అడిగాడు. శ్రీనివాస్ కీర్తనను చరణం దాకా వాయించేవాడన్న సంగతి ఆయన ఎత్తలేదు.

ఇంట్లో పెళ్లి పెట్టుకున్నవాళ్లకు ఒక మనవి. గిటారన్నను పిలవండి, కానీ నెల ముందు పిలవండి. ఒక్కటే పాట చెప్పండి, చరణాలతో సహా కావాలని గట్టిగా చెప్పండి. కాస్త అడ్వాన్సు చేతిలో పెట్టండి, కొత్త తీగల సెట్టు కొనుక్కుంటాడు. ఆ రోజు డీజేను పావుగంట బంద్ పెట్టించే బాధ్యత మాత్రం మీదే.