ట్యూనింగు సూత్రము: టీకాతాత్పర్యసహితము

మూలము: “ముందు పాయింట్లు చూడు, తర్వాత టైమింగు పెట్టు, కార్బురేటరు జోలికి ఆఖర్న పో.”

అవతారిక: ఉత్తర్‌పారా కర్మాగారమున 2014లో అంబాసిడరు తయారగుట నిలిచిపోయినను, దాని 1489 సీసీ పెట్రోలు ఇంజనును విడువలేక తెల్లవారగనే బానెట్టెత్తి లోనికి తొంగిచూచు ధన్యులు కొందఱు మిగిలియుండుటచే, షెడ్లలో గురుముఖమున మాత్రమే నడచుచున్న ఈ సూత్రమునకు వ్యాఖ్య అవసరమైనది. ఇంజను నిలుకడగా తిరుగుట ఇందలి విషయము. పెట్రోలు కలిసివచ్చుట ప్రయోజనము. ఫీలరు గేజి చేతనున్నవాడు అధికారి. స్క్రూడ్రైవరు మాత్రమే యున్నవాడు అధికారి కాడు, అపాయకారి.

టీక: పాయింట్లు = డిస్ట్రిబ్యూటరు మూత క్రింద, క్యాము తోసినపుడెల్ల విడివడి, కాయిలులోని ప్రవాహమును త్రెంచి, ప్లగ్గున నిప్పురవ్వ పుట్టించు జంట; చూడు = కన్నులతో మాత్రమే గాక, అవి పూర్తిగా విడివడినచోట 15 థౌల (అంగుళములో వేయవ వంతుల) సందు కలదేమో గేజి రేకు దూర్చి చూడుము, ముఖములు గుంటపడియున్నచో మార్చుము; టైమింగు పెట్టు = మొదటి సిలిండరు కంప్రెషనులో నుండగా, పిస్టను పైకొన చేరుటకు కొన్ని డిగ్రీలు ముందున్న గుర్తుకడ క్రాంకు పుల్లీని నిలిపి, డిస్ట్రిబ్యూటరు తీగకు 12 వోల్టుల బల్బు తగిలించి, ఇగ్నిషను వేసి, రోటరు తిరుగు దిక్కునకెదురుగా డిస్ట్రిబ్యూటరును వెంట్రుకవాసి చొప్పున త్రిప్పగా, బల్బు వెలిగిన క్షణముననే బిగింపుము.

‘చోకు లాగి పో’ అని కొన్ని షెడ్లలో వినవచ్చు చివరి పాఠము ప్రక్షిప్తము; తొందరగల డ్రైవర్లు చేర్చినది.

ఆక్షేపము: సైలెన్సరు నల్లపొగ గ్రక్కుచు, దోషము కార్బురేటరునందే యని కంటికెదురుగా చాటుచుండగా, దానిని ఆఖరునకు నెట్టుట న్యాయమా? న్యాయమే. పాయింట్ల సందు పెరిగినచో అవి ముందుగా విడివడి టైమింగు అడ్వాన్సగును, తగ్గినచో రిటార్డగును. టైమింగు కదలినచో ఐడ్లింగు కదలును. కావున కార్బురేటరును మొదట దిద్దినవాడు తక్కిన రెండు పనులతో తన దిద్దుబాటును తానే చెఱుపుకొనును. మఱియు రిటార్డై పికప్పు లేక యీడ్చుకొనిపోవు ఇంజనును జూచి, పెట్రోలు చాలలేదని భ్రమించి మిక్స్చరు స్క్రూ విప్పి, పొగ తెప్పించి, పిదప సోలెక్సు కార్బురేటరును దూషించుట లోకమున పరిపాటి. మార్చబడిన కార్బురేటర్లలో అనేకములు నిర్దోషులని ఈ వ్యాఖ్యాత నమ్మకము.

తాత్పర్యము: ఇంజను బాగుగా వేడెక్కి, చోకు పూర్తిగా లోనికి నెట్టిన పిదపనే మిక్స్చరు స్క్రూ ముట్టవలెను. దానిని బిగించుచు పోగా ఇంజను తడబడును; అచ్చటనుండి మెల్లగా విప్పుచు వచ్చి, శబ్దము నున్ననై వేగము హెచ్చినచోట ఆపి, హెచ్చిన వేగమును స్లో స్క్రూతో దించి, మిక్స్చరును మరల సరిచూడవలెను. ఆ మీద నలుగురిని ఎక్కించుకొని సింహాచలము ఘాటు రోడ్డు పట్టి, యాక్సిలరేటరు త్రొక్కినపుడు టకటకమని నాకింగు వినవచ్చినచో టైమింగును ఒకింత వెనుకకు తీయవలెను. తీసినచో, పై న్యాయముచేతనే, కార్బురేటరును మరల చూడవలసియుండును.