బేస్ బాక్సు కొనేవారికి తలకిందుల సలహాలు

ముందు స్పీకరు బాక్సు కొనండి, గిటారు తర్వాత చూసుకోవచ్చు. బేస్ నేర్చుకునే పిల్లలు ఎవరడిగినా నేను మొదట చెప్పేది ఇదే. జడ్చర్ల, వనపర్తి వైపు చర్చిల్లో చూసినా, నల్లగొండ, మిర్యాలగూడ ఫంక్షన్ హాళ్లలో పెళ్లి ఆర్కెస్ట్రాలు చూసినా జరిగేది దీనికి విరుద్ధంగా ఉంటుంది. మెరిసే గిటారు భుజాన వేలాడుతుంది, దాని సౌండ్ మాత్రం కీబోర్డు వాళ్ల బాక్సులోనో, పాడేవాళ్ల మానిటర్‌లోనో ఇరుక్కుంటుంది. మామూలు బేస్ గిటారైనా మంచి బాక్సులో బేస్‌లాగే పలుకుతుంది. ఎంత ఖరీదైన గిటారైనా హోం థియేటర్ డబ్బాకు తగిలిస్తే పలకదు, గట్టిగా వాయిస్తే ఆ డబ్బా స్పీకరు కూడా పోతుంది.

నా లెక్కలో పాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో బేస్ గిటారును నిలబెట్టింది చర్చే. 1890లో అబ్రహాం ఫ్రీసెన్ నల్లగొండలో మొదలుపెట్టిన మెన్నొనైట్ బ్రదరెన్ మిషన్ తర్వాతి దశాబ్దాల్లో మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, దేవరకొండ, గద్వాల దాకా పాకింది. ఆ చర్చిల్లో డోలక్ మీద సాగిన ఆరాధనల్లోకి కీబోర్డు వచ్చింది, రిథమ్ ప్యాడ్ వచ్చింది, వాటి వెనక బేస్ వచ్చి నిలబడింది. ఆ వెనక నిలబడే పిల్లవాడు వాయించింది జనానికి వినపడాలన్నదే నా తాపత్రయం.

బాక్సు కోసం హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లినప్పుడు వాట్లు అడగకండి. అడిగారంటే "వెయ్యి వాట్లు తమ్మీ, గుండె అదురుతది" అని జవాబొస్తుంది, అక్కడితో మీ ఎంపిక దారి తప్పుతుంది. డబ్బా మీది వాట్లు అది ఎంత పవర్ తట్టుకుంటుందో చెబుతాయి, ఎంత గట్టిగా పలుకుతుందో చెప్పవు. అడగవలసింది సెన్సిటివిటీ: ఒక్క వాటు ఇస్తే ఒక్క మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తాయి అని. వాట్లను రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. అంటే 100 డెసిబెల్స్ బాక్సు 100 వాట్లతో చేసే పనికి 94 డెసిబెల్స్ బాక్సుకు 400 వాట్లు కావాలి. జనరేటర్ మీద నడిచే సభల్లో ఈ తేడా చాలా పెద్దది.

ఇక అందరికీ కోపం తెప్పించే సలహా: గుండె అదిరించే బాక్సును షాపులోనే వదిలేసి రండి. బేస్ గిటారు లావు తీగ వట్టిగా మీటితే 41 హెర్ట్జ్. దాన్ని పూర్తిగా దింపగల బాక్సు కావాలనుకుని చాలామంది డీజే వాళ్ల పద్దెనిమిది అంగుళాల సబ్ కోసం చూస్తారు. అది అక్కర్లేదు. అంపెగ్ కంపెనీ 1969లో 300 వాట్ల ఎస్‌వీటీ బేస్ యాంప్లిఫయర్ తెచ్చి, దానికి జోడీగా ఎనిమిది పదంగుళాల స్పీకర్ల బాక్సు ఇచ్చింది. రాక్ వేదికల మీద దాన్ని మించిన పేరున్న బేస్ బాక్సు లేదు. ఆ వరుసలోని 810ఈ బాక్సు, కంపెనీ లెక్కల ప్రకారమే, 58 హెర్ట్జ్ దగ్గరే మూడు డెసిబెల్స్ తగ్గిపోతుంది. అయినా ఎవరికీ లోటు తెలియదు. తీగ 41తో పాటు 82, 123 కూడా పలుకుతుంది, ఆ పైవి స్పష్టంగా అందితే అడుగు స్వరాన్ని చెవి తానే పూరించుకుంటుంది. వేలు మార్చిన సంగతి జనానికి తెలిసేది ఆ పై భాగంలోనే. ఒక్క సబ్‌లోనే బేస్ వినిపిస్తే ఏ స్వరమైనా ఒకే గుమ్మనే మోతగా మిగులుతుంది. టైల్స్ నేల, సిమెంటు గోడల ఫంక్షన్ హాల్లో ఆ మోత ఇంకా సాగుతుంది, రేకుల షెడ్డు అయితే రేకులు కూడా గొంతు కలుపుతాయి. చిన్న డబ్బా, లోతైన బేస్, తక్కువ పవర్‌తో గట్టి సౌండ్, ఈ మూడూ ఒకే బాక్సులో దొరకవు. నేను వదులుకోమనేది లోతును.

షాపులో వాల్యూమ్ తగ్గించి వినండి. సౌండ్ తగ్గేకొద్దీ చెవికి కింది స్వరాలు ఎక్కువగా దూరమవుతాయని బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ 1933లోనే చూపించారు. అందుకే గట్టిగా పెడితే ప్రతి బాక్సూ గొప్పగానే ఉంటుంది. మెల్లగా పెట్టినా స్వరం తెలిసే బాక్సే ఆదివారం ఆరాధనకు పనికొస్తుంది.

ఒక మాట మాత్రం ఎవరు చెప్పినా నమ్మకండి: బేస్ అల 27 అడుగుల పొడవు కాబట్టి అంత దూరం పోతేగానీ తయారవదని. అల పొడవు నిజమే, మిగతాది నిజం కాదు. ఇయర్‌ఫోన్‌లో కూడా బేస్ వినపడుతుంది కదా. పక్కన నిలబడ్డ మీకు వినపడకపోవడానికి కారణం బాక్సు మీ మడమల దగ్గర ఉండటం. స్వరాన్ని తేల్చి చూపే పై భాగం మోకాళ్లకు తగిలి పోతుంది. టెంటు హౌస్ కుర్చీ ఒకటి గట్టిదిగా చూసి దాని మీద పెట్టండి. చెక్కల స్టేజీ అయితే ఇది మరీ ముఖ్యం, బోలు స్టేజీ కింది స్వరాలకు తానే మోగుతుంది. రెండు స్పీకర్ల బాక్సును పడుకోబెట్టకుండా నిలబెట్టండి, అప్పుడు సౌండ్ పక్కలకు బాగా విస్తరిస్తుంది.

బరువు సంగతి: ఆ ఎనిమిది స్పీకర్ల బాక్సు 63 కిలోలు. మేడ మీది చర్చి హాలుకు దాన్ని మోసేవాళ్లు రెండో వారం కనిపించరు. ఇరవై కిలోల లోపు, పన్నెండు అంగుళాలది ఒకటి లేదా పదంగుళాలవి రెండు ఉన్న బాక్సు చాలు. సరిపోకపోతే తర్వాత అలాంటిదే ఇంకొకటి కలపవచ్చు. అందుకే 8 ఓంలది తీసుకోండి. 8 ఓంలవి రెండు కలిస్తే 4 అవుతాయి, చాలా యాంప్లిఫయర్లు అక్కడిదాకా తట్టుకుంటాయి. 4 ఓంలవి రెండు కలిపితే 2కి దిగుతుంది, యాంప్లిఫయర్ కాలిపోవచ్చు. యాంప్లిఫయర్ నుంచి బాక్సుకు గిటారు వైరు వాడకండి, స్పీకరు వైరే వాడండి.

పెద్ద సువార్త సభల్లో సౌండ్ వాళ్లు మీ యాంప్లిఫయర్ నుంచి లైను తీసుకుని మిక్సర్‌లో కలుపుకుంటారు. మైదానంలో దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ పడిపోతాయి కాబట్టి చివరి వరుసకు మీ బాక్సు ఎలాగూ చేరదు. అది మీకూ, ప్యాడ్ వాయించే అతనికీ. కాబట్టి కొనే రోజు అతన్ని వెంట తీసుకెళ్లండి. షాపు అవతలి మూలన వీపు తిప్పి నిలబడమని చెప్పి, లావు తీగ మీద మెల్లగా ఒక్కో మెట్టూ ఎక్కండి. మెట్టు మారినప్పుడల్లా అతను చెయ్యి ఎత్తగలిగితే బేరం మొదలుపెట్టండి, బిల్లు మీద ఓంలు ఎన్నో కూడా రాయించుకోండి.