నన్ను వదలడం నేర్పినాయన

అడవులదీవిలో మా ఇంటి నడవలో ఒక చెక్క బీరువా ఉంది. దాని మీద, పాత పంచాంగాల పక్కన, గుడ్డసంచిలో ఉంటాను నేను. తోలుబంతిని. లోపల గాలి లేదు. ఎండిన తాటికాయలా ముడుచుకుపోయాను. అయినా నిజాంపట్నం వైపు నుంచి ఉప్పుగాలి వీచిన రోజున నా తోలు కాస్త మెత్తబడుతుంది. ఆ రోజు నాకు హైదరాబాదు గుర్తొస్తుంది.

పద్దెనిమిది తోలుముక్కలు కుడితే నేనయ్యాను. చుట్టుకొలత 27 అంగుళాల పైన, బరువు 14 నుంచి 16 ఔన్సుల మధ్య. పొట్ట మీద ఒక చీలిక. అందులోంచి రబ్బరు బ్లాడరు దూర్చి, సైకిలు పంపుతో గాలి కొట్టి, గొట్టం మడిచి దారంతో బిగించి, చీలికను తోలు లేసుతో అల్లేసేవారు. ఆ లేసు ముడి ఉన్న వైపు తగిలితే తలతో కొట్టినవాడి నుదురు గీసుకుపోయేది. వానలో నీళ్లు తాగి రాయిలా బరువెక్కేదాన్ని. అప్పట్లో చాలామంది వట్టి కాళ్లతోనే ఆడేవారు. ఆ కాళ్ల మీద జాలేసేది నాకు.

నన్ను కనిపెట్టుకుని ఉన్నది మా పెద్దాయన. ఈ ఊరివాడే. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య అయ్యాక మద్రాసు రాష్ట్రం నుంచి హైదరాబాదుకు పంపిన పోలీసుల్లో కుర్ర కానిస్టేబులుగా వెళ్లాడు. ఆటగాడు కాదు. పొద్దున్నే బంతులకు గాలి కొట్టడం, సాయంత్రం బురద తుడిచి నీడన ఆరబెట్టడం, ఇవి ఎవరూ చెప్పకుండానే తన మీద వేసుకున్నాడు.

1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు శిక్షణ సయ్యద్ అబ్దుల్ రహీం చేతికి వచ్చింది. అందరికీ ఆయన రహీం సాబ్. 1909లో పుట్టాడు, ఉస్మానియాలో చదివి అక్కడి జట్టుకు ఆడాడు, బడిపంతులుగా చేశాడు. 1943 నుంచి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి కూడా. పంతులుగిరీ మైదానంలోకీ వచ్చింది.

అంతకుముందు ఆట ఎలా ఉండేదో నాకంటే ఎవరికి తెలుసు? దొరికినవాడి కాలికి నేను అంటుకుపోయి ఉండేదాన్ని. ఒకణ్ణి తప్పించి, ఇద్దర్ని తప్పించి, మూడోవాడి దగ్గర పోగొట్టుకునేవరకూ వదిలేవాడు కాదు. జనం ఈలలు వేసేది కూడా దానికే. రహీం సాబ్ అదే మాన్పించాడు. బంతిని కాలితో తిప్పుకుంటూ పోవడం నిషేధమని పెట్టి పోటీలే నడిపాడు. అందగానే తోటివాడికి పంపాలి, అంతే. ఇంకో రకం పోటీ పెట్టాడు, చేతకాని కాలితోనే ఆడాలని. కుడికాలి వాటం వాళ్లు ఎడమకాలితో తంతుంటే నేను ఎక్కడెక్కడికో పోయేదాన్ని. మా పెద్దాయన పరుగెత్తలేక చచ్చేవాడు.

కొన్నాళ్లకు కాళ్లకు దారి తెలిసింది. అప్పుడు నాకు కలిగిన సుఖం చెప్పనలవి కాదు. ఒకరి కాలి దగ్గర దుమ్ము తినడం పోయింది. ఈ కాలి నుంచి ఆ కాలికి, అక్కణ్ణుంచి ఖాళీగా ఉన్న గడ్డి మీదికి, నేను చేరేసరికి అక్కడికి మనిషి వచ్చి ఉండేవాడు. పదకొండు మందిని నేనే కలిపి కుడుతున్నట్టుండేది.

పోటీలో ఆడే బంతులు వేరు, నేను సాధన బంతిని. బొంబాయికి గానీ ఢిల్లీకి గానీ నేను పోలేదు. జట్టు పోయింది. బొంబాయిలో రోవర్స్ కప్పు, ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు, రెండూ 1950లోనే గెలిచారు. డ్యూరాండ్ ఫైనల్లో ఓడింది మోహన్ బగాన్. రోవర్స్ కప్పయితే 1954 దాకా వరసగా అయిదేళ్లు మనవాళ్లదే.

నా కుట్లు విడిపోయాక పారేయబోతే మా పెద్దాయన అడిగి తెచ్చుకున్నాడు. ఊరికి వచ్చాక నా హైదరాబాదంతా ఆయన పైకి చదివే పేపర్లోనే. సికింద్రాబాదు అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాంకు మైదానందాకా రావడానికి డబ్బుల్లేకపోతే, అద్దె సైకిలుకు రహీం సాబే ఇచ్చేవాడని ఎవరో చెబితే విని రెండు రోజులు అదే చెప్పుకున్నాడు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో రహీం సాబ్ శిక్షణలోని మన దేశ జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిన రోజు మా పెద్దాయన అన్నం తినలేదు. ఆ తర్వాతే బూట్లు తప్పనిసరయ్యాయి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో కొట్టి నాలుగో స్థానానికి చేరినప్పుడు మాత్రం అరుగు మీద కూర్చున్నవాళ్లందరికీ బెల్లం పంచాడు. బలరాం ఆ జట్టులో ఉన్నాడు.

1962 జకార్తా ఆసియా క్రీడలు. వెనక కాపు కాసే జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడితే, రహీం సాబ్ అతన్ని ముందుకు తెచ్చి ఆడించాడు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద రెండు గోల్స్‌లో ఒకటి అతనిదే, రెండోది పీకే బెనర్జీది. 2-1. బంగారు పతకం. అప్పటికే క్యాన్సర్ రహీం సాబ్‌ను తినేస్తోంది. 1963 జూన్ 11న పోయాడు.

ఆ వార్త చదివిన సాయంత్రం మా పెద్దాయన నన్ను బీరువా మీంచి దింపాడు. కిర్రు చెప్పులకు రాసే ఆముదం గుడ్డకు అద్ది, ఒక్కొక్క తోలుముక్కకూ పట్టించాడు. కుట్ల సందుల్లో వేలి కొసతో రుద్దాడు. ఒక్కమాట మాట్లాడలేదు. ఆ ఆముదం వాసన ఇప్పటికీ నాలో ఉంది.

మా పెద్దాయన పోయి చాలా ఏళ్లయింది. కప్పులు తెచ్చిన ఆ పంతులు పేరు ఈ నేల మీద ఎందరికి తెలుసో అని నేను బాధపడని రోజు లేదు. 2024లో ఆయన మీద హిందీలో మైదాన్ అని సినిమా వచ్చిందట. మొన్న సంక్రాంతికి తెనాలి నుంచి వచ్చిన మునిమనవరాలు ఆ మాట అంటే విన్నాను. ఆ పిల్ల కాలేజీ జట్టులో ఆడుతుంది. ఈ ఏడు వాళ్లకు కొత్త పీడీ సార్ వచ్చాడు.

“రెండోసారి కాలు తగిలితే ఈల వేసి ఆట ఆపేస్తున్నాడు అమ్మమ్మా. ఒక్కసారే ముట్టుకోవాలంట. మొదటి రెండు మ్యాచ్‌లూ ఓడిపోయాం.”

“తర్వాత?”

“తర్వాత మూడు గెలిచాం.”

వాళ్ల అమ్మమ్మ బీరువా వైపు చూసింది. “ఆ సంచి దించు తల్లీ. అందులో మా నాన్న బంతుంది.”

పిల్ల నన్ను రెండు చేతుల్లో పెట్టుకుని లేసు తడిమింది, వాసన చూసింది. తర్వాత పెరట్లో చవిటి నేల మీద పెట్టి చెప్పు విప్పింది. ఎడమకాలితో మెల్లిగా తోసింది. గాలి లేని ఒంటితో ఎంతోదూరం దొర్లలేకపోయాను. అమ్మమ్మ కాలి దాకా మాత్రం వెళ్లాను.