కస్టమర్ కోడ్ రాశాడా? వదలకండి!

మీరు స్మార్ట్ గీజర్లు అమ్ముతారు. కొండాపూర్‌లో ఒకాయన కొన్నాడు. కరెంటు పోయి అపార్ట్‌మెంట్ జనరేటర్ అందుకుంటే, గీజర్ లోడుకు ఫ్లాటంతా ట్రిప్ అవుతోంది. మీ యాప్‌లో దానికి మందు లేదు. ఆదివారం కూర్చుని పైథాన్‌లో చిన్న స్క్రిప్టు రాసుకున్నాడు: జనరేటర్ రాగానే గీజర్ బంద్. పక్కింటివాళ్లూ అడుగుతున్నారని గిట్‌హబ్‌లో పెట్టాడు.

పొరపాటున కూడా థాంక్స్ చెప్పకండి. ఆ సౌకర్యమేదో మన యాప్‌లోనే పెడదాం అని ఎవరైనా జూనియర్ అంటే, వచ్చే క్వార్టర్ చూద్దామని పంపేసి లీగల్ వాళ్లను పిలవండి. 2024 జనవరిలో గృహోపకరణాల కంపెనీ హయర్ అదే చేసింది. తన ఉపకరణాలను, ఇంట్లో స్మార్ట్ పరికరాలన్నిటినీ ఒకేచోట నడిపే హోమ్ అసిస్టెంట్ సాఫ్ట్‌వేర్‌తో కలిపే ప్లగిన్ రాసిన జర్మనీ డెవలపర్‌కు, మాకు ఆర్థిక నష్టం, తీసెయ్ అని నోటీసిచ్చింది. అప్పటిదాకా ఆ ప్లగిన్ పేరే విననివాళ్లు సైతం ఎగబడి కాపీ చేసుకున్నారు. కంపెనీ మెత్తబడి, కలిసి పనిచేద్దాం అంది. అక్కడే చెడింది. మీరు మెత్తబడకండి.

తర్వాత బయటి ప్రోగ్రాంలేవీ రాకుండా సర్వర్ దగ్గర గేటు వేసేయండి. అమెరికాలో గ్యారేజీ తలుపుల కంపెనీ చాంబర్లెయిన్ 2023లో వేసింది. ఇలాంటివాళ్లు మా యూజర్లలో 0.2 శాతమే, ట్రాఫిక్‌లో మాత్రం సగం పైనే వీళ్లది అంది. మన కొండాపూర్ ఆయన హాల్లో, గీజర్ బాత్రూంలో, కమాండు మాత్రం ముంబయి సర్వర్‌దాకా వెళ్లి రావాలి. ఇంట్లో వైఫై మీదే మాట్లాడుకోనిస్తే ఆ ట్రాఫిక్కే ఉండదు కదా అన్నవాణ్ని మీటింగుకు పిలవడం మానేయండి.

నోటీసులో వేసుకోవడానికి మన ఊరి కేసే ఉంది. 10,500 రూపాయల హ్యాండ్‌సెట్‌ను మొదట 3,350, తర్వాత నెలకు 600 కట్టించుకుని, మూడేళ్లు మా సర్వీసే అని రిలయన్స్ ఇచ్చేది. ఆ ఫోన్లలో ఈఎస్ఎన్ అనే గుర్తింపు నంబరు మార్చి టాటా ఇండికాంకు మళ్లిస్తున్నారంటూ 2003లో ఆ కంపెనీ ఉద్యోగుల మీద సీఐడీ కేసు పెట్టింది. ఐటీ చట్టం సెక్షన్ 65 కింద దర్యాప్తు సాగాల్సిందేనని 2005లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అంది. దీన్ని బోల్డులో కొట్టించండి. అక్కడ వాయిదాల ఫోను, పోటీ కంపెనీ మనుషులు. ఇక్కడ రొక్కం పోసి కొన్న గీజరు, కొన్నవాడు. ఆ తేడా ఎత్తకండి. సొంతంగా రాసిన ప్రోగ్రాం మరోదానితో కలిసి పనిచేయడానికి తప్పనిసరైన సమాచారం, వేరే దారిలో సులువుగా దొరక్కపోతే, రాబట్టుకోవచ్చని కాపీరైట్ చట్టం సెక్షన్ 52లో ఉన్న ముక్క జోలికైతే అసలు పోకండి.

అన్నట్టు, యాప్ టీమ్‌లో ఖాళీలున్నాయి కదా. సొంత ప్రాజెక్టులు, గిట్‌హబ్ లింకు తప్పనిసరి అని ప్రకటన ఇవ్వండి. కొండాపూర్ ఆయన అప్లై చేస్తే ఇంటర్వ్యూలో గట్టిగా అడగండి: ఈ గీజర్ ప్రాజెక్టు లింకు ఎందుకు ఓపెన్ కావట్లేదండీ?