ముందు పెళ్లా, ముందు కాపురమా?

కూచిపూడిలో టీ కొట్టు బల్ల మీద కూర్చుని బాబాయ్ సంస్కృతి గురించి బెంగ పెట్టుకున్నాడు. "హైదరాబాదులో పెళ్లి కాకుండానే ఒకే ఫ్లాట్లో ఉంటున్నారటరా! మన వంశాల్లో ఎరుగుదుమా?"

ఎరగం, నిజమే. మన ముత్తాతలు ఎనిమిదేళ్ల పిల్లకి తాళి కట్టి, పుట్టింట్లోనే వదిలేసి వచ్చేవాళ్లు. పెద్దమనిషయ్యాక మరో ముహూర్తం పెట్టి కాపురానికి పంపేవాళ్లు. పెళ్లీ కాపురమూ ఒకేసారి మొదలవ్వాలన్న పట్టింపు మనకెప్పుడుంది గనక? ఇప్పటి పిల్లలు వరస మార్చారు, అంతే.

ఈ ఊరి కళకు మూలపురుషుడే ఆ రెంటి మధ్యా ఇరుక్కున్నాడు. సిద్ధేంద్రయోగికి చిన్నప్పుడే పెళ్లయిందనీ, పెద్దయ్యాక అత్తారింటికి వెళ్తుంటే ఏరు పొంగిందనీ, బతికితే సన్యసిస్తానని నడి ఏట్లో మొక్కుకున్నాడనీ చెప్పుకుంటారు. ఆయనకి ప్రాణం దక్కింది, మనకి భామాకలాపం దక్కింది. మరి అవతలి గట్టున ఉన్న పిల్లకి? అదే అడిగితే బాబాయ్ "టీ చల్లారిపోతోంది" అన్నాడు.

1929లో శారదా చట్టం ఆడపిల్లకి 14 ఏళ్లు నిండాలంది. 1978లో దాన్ని 18 చేశారు. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి, ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి 18 నిండకుండానే పెళ్లయిపోయింది. ఆ పెళ్లిళ్లకి మనం వెళ్లాం. గారెలు బాగున్నాయన్నాం. ఇద్దరు మేజర్లు పెళ్లి లేకుండా కలిసి ఉంటే నేరం కాదని సుప్రీంకోర్టు 2010లో, ఖుష్బూ కేసులో చెప్పింది. నేరమైనదానికి అక్షింతలు, కానిదానికి శాపనార్థాలు! పంపకాల్లో మనకెప్పుడూ పొరపాటు రాదు.

స్వీడన్‌లో ఇలా కలిసి ఉండేవాళ్లని 'సాంబో' అంటారు. విడిపోతే ఇల్లూ సామానూ ఎలా పంచుకోవాలో చట్టమే రాసుకున్నారు. ఈ మాట చెప్పగానే బాబాయ్ "శంభో!" అని చెవులు మూసుకున్నాడు.

"సరేగానీ బాబాయ్, డల్లాస్‌లో మీవాడు ఎవరితో ఉంటున్నాడు?"

"రూమ్మేటు."

"పేరు?"

భామాకలాపంలో మొగుడి పేరు చెప్పమని మాధవి నిలదీస్తే సత్యభామ ఎన్ని వగలు పోతుందో ఈ ఊళ్లో చంటిపిల్లాణ్ణడిగినా చెబుతాడు. బాబాయ్ తుండుగుడ్డ కొంగులా భుజం మీదికి లాక్కుని, మొహం పక్కకి తిప్పి, "ఇప్పుడెందుకులేరా" అన్నాడు.

జడ ఒక్కటే తక్కువ.